కుడివైపు తిరగని ఆటగాడు

దయావతికి చెప్పిన రహస్యం బావిలో వేసిన రాయేనని పేరు. హానోవర్‌లో ఆమె నర్సుగా పనిచేసే వృద్ధాశ్రమంలో ఎనభై, తొంభై ఏళ్ల జర్మన్ ముసలమ్మలు కన్నబిడ్డలకు కూడా చెప్పుకోని సంగతులు ఆమె చెవిలో వేసి నిశ్చింతగా కన్నుమూసేవారు. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఒక్కటంటే ఒక్క మాట ఆమె పెదవి దాటలేదు. అలాంటి మనిషి కన్నకొడుకు రహస్యాన్ని పద్నాలుగు వందల ఇళ్లకు చేర్చిందంటే అందులో ముప్పాతిక వంతు తప్పు మైకుది. మిగతా పాతిక వంతు ఎవరిదో కథ విన్నాక మీరే తేల్చండి.

కొడుకు పేరు జోనా. వయసు ఇరవై ఎనిమిది, వృత్తి ఐస్ హాకీ. నెల్లూరు జిల్లా నాయుడుపేట నుంచి మిషన్ వాళ్ల ద్వారా వచ్చిన దంపతులకు ఇలాంటి కొడుకు పుట్టడం విచిత్రమే. తండ్రి పౌలురాజు ఇక్కడ ట్రామ్ నడుపుతాడు. ఇద్దరికీ ఒకేసారి షిఫ్టు పడ్డ సాయంత్రాల్లో ఆరేళ్ల పిల్లాణ్ణి ఎక్కడ ఉంచాలో తెలియక, వృద్ధాశ్రమానికి ఎదురుగా ఉన్న ఐస్ హాల్లో వారానికి మూడు రోజులు జరిగే క్లాసులో వేసింది దయావతి. పడతాడు, ఏడుస్తాడు, నాలుగు రోజుల్లో మానేస్తాడు, ఈలోగా వేరే ఏర్పాటు చూసుకోవచ్చు అనుకుంది. పిల్లాడు పడ్డాడు కానీ ఏడవలేదు, మానలేదు.

పదిహేడేళ్లకు ఇల్లు వదిలి బవేరియాలో ఒక జూనియర్ జట్టుకు వెళ్లాడు. అక్కణ్ణుంచి నాలుగు ఊళ్లు తిరిగి, మూడు పళ్లు పోగొట్టుకుని, ఒకసారి భుజం ఎముక విరగ్గొట్టుకుని, చివరికి సొంతూళ్లోనే రెండో డివిజన్ జట్టులో కుదురుకున్నాడు. ఆడేది డిఫెన్స్. అంటే గోలు కొట్టేవాడు కాదు, అవతలివాడు కొట్టకుండా ఒళ్లు అడ్డం పెట్టేవాడు. రాయిలాంటి రబ్బరు బిళ్ల గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో వస్తుంటే తెలివైన వాడెవడైనా పక్కకు తప్పుకుంటాడు. డిఫెన్స్ వాడు దానికి ఎదురెళ్లి మోకాలు అడ్డం పెడతాడు. తెలుగు చర్చిలో ఎవరైనా "మీ అబ్బాయి ఏం ఆడతాడండీ?" అని అడిగితే పౌలురాజు క్రికెట్ భాషలోకి దిగిపోయేవాడు. "నైట్ వాచ్‌మన్ ఉంటాడు చూడండి, పరుగులు చెయ్యకపోయినా ఫర్లేదు, వికెట్ పోకుండా కాసేవాడు. మావాడు ఏడాది పొడుగునా అదే" అనేవాడు. మూడు వందల నలభై మ్యాచుల్లో జోనా కొట్టిన గోల్సు పదకొండు. గోలు కొట్టినవాడి పేరు పేపర్లో వస్తుంది, ఆపినవాడి ఒంటి మీద ఎన్ని కమిలిన మచ్చలున్నాయో వాళ్లమ్మకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. అది 2020 డిసెంబరు. కరోనా వల్ల ప్రేక్షకుల్ని రానివ్వడం లేదు. నాలుగు వేల మంది అరుపులతో దద్దరిల్లే హాల్లో పదకొండు మంది క్లబ్బు మనుషులు, రెండు కెమెరాలు, అంతే. దయావతి ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని మ్యాచ్ చూస్తోంది. మామూలు రోజుల్లో ఆటలో ఎవడు ఎవణ్ణి గుద్దినా జనం గోలలో చప్పుడు వినిపించేది కాదు. ఆ రోజు హాలు ఖాళీ. జోనాను అవతలి జట్టువాడు వెనకనుంచి తోసినప్పుడు వాడి తల ఐస్ చుట్టూ ఉన్న అడ్డగోడకు తగిలిన చప్పుడు, మెట్ల మీద కొబ్బరికాయ జారిపడ్డట్టు, ఆమె వంటగదిలో వినిపించింది. వాడు లేచాడు. డాక్టరు ఏదో అడిగితే తల ఊపాడు. మళ్లీ ఆడాడు. ఆ చప్పుడు మాత్రం ఆమె చెవిలోనుంచి పోలేదు.

జనవరిలో ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు. పౌలురాజు డ్యూటీలో ఉన్నాడు. పక్కనున్న గోంగూర గిన్నె అందుకుందామని కుడివైపు తిరిగిన జోనా రెండు చేతులతో బల్ల పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పడవలో కూర్చున్నవాడిలా కాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏందిరా?" అంది దయావతి.

"ఏమీ లేదు. గ్లైష్. ఇప్పుడే పోతుంది."

"ఎప్పటినుంచి?"

వాడికి తెలుగు బాగానే వచ్చు కానీ కష్టాలు చెప్పుకోవడానికి సరిపోయేంత రాదు. సగం జర్మన్‌లో, సగం తెలుగులో చెప్పాడు. ఆ దెబ్బ తగిలిన మర్నాటి నుంచి. తల గబుక్కున కుడివైపు తిప్పితే గది మొత్తం గిర్రున తిరుగుతుంది. పక్కమీద కుడివైపు దొర్లినా అంతే. అరనిమిషం ఉండి పోతుంది.

"డాక్టరుకి చూపియ్యరా నాయనా. తలకాయతో ఆటలా?"

"చూపిస్తే ఆపేస్తారు అమ్మా. ఒక నెల, రెండు నెలలు. ఇప్పుడు కాదు." వాడు గొంతు తగ్గించాడు. "ఫస్ట్ డివిజన్ వాళ్లు అడిగారు. రెండేళ్ల కాంట్రాక్ట్. ఏప్రిల్ పన్నెండున వాళ్ల డాక్టర్ దగ్గర టెర్మిన్, అపాయింట్‌మెంట్. తర్వాత సైన్. నాకు ఇరవై ఎనిమిది. ఇంకొకసారి ఎవరూ అడగరు."

అదీ సంగతి. ఇరవై రెండేళ్లుగా ఐస్ మీద పడి లేచినదానికి మొదటిసారి పెద్ద జట్టు పిలుపు. దాని వెనక ఇంకో భయం కూడా ఉంది. బవేరియాలో వాడి గదిలో ఉండిన కుర్రాడు ఇలాగే తలకు దెబ్బ తగిలి, డాక్టరు చేతికి చిక్కి, ఇరవై ఆరేళ్లకు ఆట మానేసి, వెలుతురు పడక ఏడాది పాటు కర్టెన్లు వేసుకుని బతికాడు. తనదీ అదే జబ్బని జోనా తేల్చేసుకున్నాడు. తేలకుండా ఉన్నంతకాలం ఆడొచ్చని కూడా తేల్చుకున్నాడు.

"ఎవరికీ చెప్పకూడదు. నాన్నకి కూడా. ప్రామిస్."

దయావతి కొడుకు ముఖం చూసింది. ఆరేళ్లప్పుడు ఐస్ మీదనుంచి బయటికి రానని మొండికేసిన ముఖమే అది. "ఏ మనిషికీ చెప్పనులే" అంది.

అన్నదే కానీ ఆ రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు. నర్సు కదా, తెలియనిదేముంది. మొదటి దెబ్బ మానకముందే తలకు రెండోది తగిలితే ఏమవుతుందో ఆమె కళ్లారా చూసింది. వారానికి రెండు మ్యాచులు. ప్రతి మ్యాచుకూ లాప్‌టాప్ ముందు కూర్చుని, కొడుకు దగ్గరికి ఎవడైనా వస్తే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునేది. చెబితే కొడుకు బతుకుతెరువు పోతుంది. చెప్పకపోతే కొడుకే పోవచ్చు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మనుషులకు చెప్పనంది కానీ దేవుడికి చెప్పనని అనలేదు. అక్కడ జరిగింది పొరపాటు.

హానోవర్ తెలుగు వాళ్ల ప్రార్థన కూడిక ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి. కరోనాకు ముందు ఒక జర్మన్ చర్చి వాళ్లు ఇచ్చిన హాల్లో జరిగేది. పాస్టర్ గారు "అందరం ఏకంగా గొంతెత్తి ప్రార్థిద్దాం" అనగానే నలభై మంది నలభై గొంతులతో ఒకేసారి మొదలుపెట్టేవారు. ఆ హోరులో ఎవరి మొర ఏమిటో పక్కవాడికి కూడా తెలిసేది కాదు. గుండె విప్పుకోవడానికి అంతకన్నా చాటు మరొకటి లేదు. కూడిక వీడియో కాల్‌లోకి మారాక ఆ హోరు పనికిరాలేదు. నలభై మంది ఒకేసారి అరిస్తే కంప్యూటర్లు గొల్లుమన్నాయి. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏకంగా ప్రార్థించే అయిదు నిమిషాలూ అందరూ మైకులు కట్టేసుకుని ఎవరింట్లో వాళ్లు బిగ్గరగా మొరపెట్టుకోవాలి. తెర మీద నలభై నోళ్లు ఆడుతుంటాయి, చప్పుడు మాత్రం ఉండదు.

ఫిబ్రవరి చివరి శనివారం దయావతి మైకు కట్టానని అనుకుంది.

కళ్లు మూసుకుని, కొంగు నెత్తిన వేసుకుని, ఆరు వారాలుగా దాచుకున్నదంతా కుమ్మరించింది. "ప్రభువా, వాడు నా మాట వినడయ్యా. కుడిపక్కకి తిరిగితే కళ్లు తిరుగుతుండాయి వాడికి. జట్టోళ్లకి తెలీదు, డాక్టరుకి తెలీదు, వాళ్ల నాన్నకి కూడా తెలీదు. ఇంకో దెబ్బ తగిలితే నా బిడ్డ నాకు దక్కడు. ఏప్రిల్ పన్నెండో తారీఖు దాకా వాడి తల నీ చేతుల్లో పెట్టుకో తండ్రీ..." అంటూ ముక్కు చీదుకుని, ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి తెర మీద ముప్పై తొమ్మిది ముఖాలు నోళ్లు మూసుకుని ఆమెనే చూస్తున్నాయి. కూడికకు సెక్రటరీగా ఉండే యూనిస్ కళ్లు తుడుచుకుంటోంది.

"సిస్టర్," అన్నారు పాస్టర్ గారు మెల్లగా, "మీ మైకు ఆన్‌లో ఉందండీ."

దయావతికి భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది. పౌలురాజు ఆ పూట డ్యూటీలో ఉండబట్టి సరిపోయింది. "అయ్యా, మీకు పుణ్యముంటాది, ఈ మాట మనలోనే ఉండాల" అని చేతులు జోడించింది. ముప్పై తొమ్మిది మందీ ఒక్క గొంతుతో ఆమెన్ అన్నారు. ఆమెన్ అంటే ఒప్పుకున్నట్టే. కానీ మనలో అంటే ఎందరన్నది ఎవరి లెక్క వారిది.

యూనిస్ లెక్కలో హాలు ఇచ్చిన జర్మన్ చర్చి కూడా మనలోనిదే. గుంటూరు మనిషి, బీమా కంపెనీలో ఉద్యోగం, మంచి మనసు. జర్మన్‌లో సి-వన్ అనే పైస్థాయి పరీక్ష పాసైన దగ్గరినుంచి దేన్ని చూసినా జర్మన్‌లోకి అనువదించాలనిపించే జబ్బు ఒకటి ఆమెకు పట్టుకుంది. ఆ చర్చి వాళ్లు రెండు నెలలకోసారి ఒక చిన్న పత్రిక వేసి చుట్టుపక్కల పద్నాలుగు వందల ఇళ్లకు పంచుతారు. అందులో "మన అతిథి సంఘాల ప్రార్థన అంశాలు" అని ఒక పేజీ. ఆ పేజీకి తెలుగు వాళ్ల అంశాలు రాసి పంపేది యూనిసే.

మార్చి తొమ్మిదిన దయావతి పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చి కింద పోస్టు డబ్బా తెరిచింది. కరెంటు కంపెనీ ఉత్తరంతో పాటు చర్చి పత్రిక ఉంది. మెట్లెక్కుతూ తిరగేసింది. రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. అచ్చులో ఇలా ఉంది: "జె. కోసం ప్రార్థిద్దాం. భారతీయ మూలాలున్న ఐస్ హాకీ డిఫెన్స్ ఆటగాడు, ఇరవై ఎనిమిదేళ్లు. డిసెంబరులో తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి కుడివైపు తిరిగితే కళ్లు తిరుగుతున్నాయి. జట్టుకు తెలియదు. ఏప్రిల్ వరకు ప్రభువు అతణ్ణి కాపాడుగాక." కింద చిన్న అక్షరాల్లో: "వ్యక్తిగత సమాచార రక్షణ దృష్ట్యా పూర్తి పేరు ఇవ్వడం లేదు."

ఈ దేశంలో రొట్టె కొనాలన్నా సమాచార రక్షణ కాగితం మీద సంతకం పెట్టిస్తారు. అంత జాగ్రత్తపరులు పేరు దాచి, ఆటా వయసూ జబ్బూ అచ్చేశారు. దయావతి మెట్ల మీదే కూలబడి యూనిస్‌కు ఫోన్ చేసింది.

"పేరు రాయలేదుగా అక్కా," అంది యూనిస్ అయోమయంగా. "జె అని పెట్టా, అంతే."

"ఈ ఊళ్లో ఐస్ హాకీ ఆడే తెలుగు పిలకాయలు ఎంతమంది ఉండారు యూనిసూ? రెండు డజన్లా?"

అవతల ఏడుపు వినిపించింది. తిడదామని చేసిన ఫోన్‌లో యూనిస్‌నే ఓదార్చాల్సి వచ్చింది దయావతికి. ఆమె రాత ఎప్పుడూ అంతే.

కొడుక్కి తనే ముందుగా చెప్పుకోవాలి, వేరెవరి నోటో వినకూడదు అనుకుంది. యూనిఫాం కూడా మార్చుకోకుండా ట్రామ్ ఎక్కి ఐస్ హాలుకు వెళ్లింది. ప్రాక్టీసు నాలుగింటికి. టెస్టు చేయించుకోనిదే ఎవర్నీ లోపలికి రానివ్వడం లేదు కాబట్టి ఆటగాళ్లు వచ్చే వెనక తలుపు దగ్గర, చలిలో, మాస్కు లోపల జీసస్, జీసస్ అనుకుంటూ నిలబడింది.

ముందుగా ఆ తలుపు తెరుచుకుని బయటికొచ్చినవాడు విల్కె. జట్టు సామాన్లు చూసే పెద్దాయన. స్కేట్లకు సాన పట్టడం, హెల్మెట్లకు మరలు బిగించడం ఆయన పని. జోనా పిల్లాడుగా ఉన్నప్పటి నుంచీ ఎరిగినవాడు. ఆయన చేతిలో చర్చి పత్రిక మడిచి ఉంది. ఆ పేజీ దగ్గరే మడిచి ఉంది.

"ఫ్రావ్ రాజు," అన్నాడాయన. "ఈ ఉదయం కాఫీ తాగుతుంటే మా ఆవిడ ఇది చదివి వినిపించింది."

"హెర్ విల్కె, మీ కాళ్లకు దణ్ణం పెడతాను. ఎవరికీ చెప్పకండి" అంది దయావతి జర్మన్‌లో. ఆ భాషలో కాళ్లకు దణ్ణం పెట్టడం ఎలాగో తెలియక ఉన్నదున్నట్టు అనేసింది. ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నలభై ఏళ్లుగా సాన పడుతున్నాను," అన్నాడు విల్కె. "ఆటగాడు నోటితో అబద్ధం చెప్పగలడు. స్కేటుతో చెప్పలేడు. జనవరి నుంచి మీవాడి స్కేట్ల అంచులు ఒక పక్కే అరుగుతున్నాయి. కుడివైపు తిరగాల్సిన చోటల్లా ఎడమవైపు చుట్టు తిరిగి వస్తున్నాడు. అడిగాను. బూటు వదులైందన్నాడు. నమ్మాను. నమ్మితే నాకూ సుఖం కదా, మంచి ఆటగాడు, జట్టు గెలుస్తోంది." ఆయన చేతిలోని పత్రిక ఎత్తి చూపాడు. "ఒక తల్లి దేవుడికి చెప్పుకుంటున్న మాట నాకు ముందే తెలుసు. నేనేం చేశాను? సాన పట్టి ఇచ్చాను. ఇవాళ ట్రైనర్‌కు చెప్పబోతున్నాను ఫ్రావ్ రాజు. మీరు వద్దన్నా చెబుతాను."

అప్పుడే జోనా సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. తల్లిని చూసి, విల్కెను చూసి, కాగితం అందుకున్నాడు. రెండుసార్లు చదివాడు. ముఖం పాలిపోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి విల్కె చేతికిచ్చాడు.

"నాయనా, నేను..." అంది దయావతి.

వాడు ఆమె వైపు చూడలేదు. "ట్రైనర్ లోపలున్నాడా?" అని విల్కెను అడిగి తలుపు తోసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు వాడు ఐస్ మీదికి దిగలేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు దయావతి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ట్రైనర్ ఆటలోంచి తప్పించాడనీ, తల స్కానింగ్ తీయిస్తున్నారనీ, కారు నడపొద్దన్నారనీ, ఆ పెద్ద క్లబ్బు వాళ్లకు ఉన్న విషయమంతా ఫోన్‌లో చెప్పేశారనీ విల్కె ద్వారా తెలిసింది. రెండేళ్ల కాంట్రాక్టు నీళ్లలో కలిసిపోయినట్టే అనుకుంది. ఇరవై రెండేళ్ల కష్టాన్ని తన నోరు అయిదు నిమిషాల్లో మింగేసిందనుకుంది. ఇంట్లో పౌలురాజు ఇంకో వైపు నుంచి అందుకున్నాడు. డిపోలో ఒక జర్మన్ డ్రైవరు "మీ అబ్బాయికి ఎలా ఉంది?" అని అడిగాడట.

"డిపో మొత్తానికి తెల్సు. నాకు తెలీదు," అన్నాడు. "నేను వాడికి ఏమవుతానే దయా? మేనమామనా?"

మాట నిలబెట్టుకుంటే మొగుడికి కోపం, తప్పితే కొడుకుకు కోపం. ఆ తొమ్మిది రోజులూ ఆమెకు దేవుడి మీద కూడా కాస్త కోపంగానే ఉంది. ఆ అయిదు నిమిషాలు ఆయనైనా మైకు కట్టేసి ఉండొచ్చు కదా అనుకుంది. మర్నాడు ఆ మాటకు క్షమాపణ కూడా అడిగింది.

పదో రోజు పొద్దున్నే జోనా నుంచి మెసేజ్: "11:15 టెర్మిన్. తోడు ఉండాలి అన్నారు. నువ్వు వస్తావా?" వేరే తోడు దొరకలేదేమో అనుకుంది. అయినా నిమిషంలో చెప్పులేసుకుంది.

చెవి, ముక్కు, గొంతు డాక్టరు. తల స్కానింగ్ శుభ్రంగా ఉందట, తల తిరగడం ఎక్కణ్ణుంచో చూడడానికి ఇక్కడికి పంపారు. రోగి తప్ప ఎవరూ లోపలికి రాకూడదని తలుపు మీద బోర్డు. దారిలో "ఎలా ఉన్నావు?" "బాగుండా" తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు. జోనా లోపలికి వెళ్లాడు. దయావతి ముంగిట్లో సైకిళ్లు పెట్టే చోట నిలబడింది. నలభై నిమిషాలు. ప్రార్థన చేద్దామనుకుంది కానీ భయమేసింది. నోరు తెరవకుండా, మనసులోనే, రెండు ముక్కలు అనుకుంది.

తలుపు తెరుచుకుంది. జోనా మెట్ల మీద నిలబడ్డాడు. ఎడమకు చూశాడు. కుడికి చూశాడు. మళ్లీ గబుక్కున కుడికి చూశాడు, ఎవరో పిలిచినట్టు. రోడ్డు దాటబోయే పిల్లాడిలా అటూ ఇటూ తల తిప్పుతూ అక్కడే నిలబడి నవ్వుతున్నాడు. మూడు పళ్లు లేని చోట పెట్టించుకున్న పళ్లు కూడా కనిపిస్తున్నాయి.

"అమ్మా, తిరగడం లేదు," అన్నాడు. "చూడు. ఏమీ తిరగడం లేదు!"

"ఏం చేసినారు? ఏం ఇంజెక్షన్ ఇచ్చినారు?"

"ఏమీ లేదు. డాక్టర్ పడుకోబెట్టింది. తల ఇటు తిప్పింది, నా కళ్లు చూసింది. తర్వాత నన్ను దొర్లించింది. ఇట్లా, ఇట్లా, దోసె తిప్పినట్టు. పది నిమిషాలు. చెవి లోపల చిన్న చిన్న రాళ్లు ఉంటాయంట, ఇసుక లాగా. ఆ దెబ్బకి అవి కదిలి వేరే చోట పడ్డాయి. ఆమె మళ్లీ బయటికి దొర్లించింది. ఫెర్టిష్. అయిపోయింది."

దయావతి అక్కడే సైకిల్ స్టాండు ఇనప చట్రం మీద కూర్చుండిపోయింది. మూడు నెలల నరకం! కొండను తవ్వి ఎలుకను పట్టారంటే ఇదే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు వెధవ. ఇద్దరూ కలిసి తెచ్చుకున్నారు. ఒళ్లంతా తేలికై, మాస్కు తడిసేదాకా ఏడ్చింది. జోనా పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు.

"డాక్టర్ తిట్టింది," అన్నాడు. "డిసెంబర్‌లో నిజంగా మెదడుకి దెబ్బ తగిలింది అంది. అది మానింది. మానకముందు ఇంకోటి తగిలి ఉంటే ఇక్కడికి వచ్చేవాడివి కాదు, ఎక్కడికో వెళ్లేవాడివి అంది. లక్ అంది. రెండు వారాలు ఆట వద్దు. తర్వాత ఆడొచ్చు."

"ఆ పెద్ద జట్టోళ్లు?"

"రిపోర్ట్ లోపలినుంచే వాళ్ల డాక్టర్‌కి పంపింది. నేను సాక్సులు వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. టెర్మిన్ మార్చలేదు. ఏప్రిల్ పన్నెండు, పదిన్నర."

జర్మనీలో టెర్మిన్ మార్చలేదంటే అది మామూలు మాట కాదు. దయావతి ఆకాశం వైపు చూసి స్తోత్రం అంది, ఈసారి పైకే. తర్వాత కొంగు లేదు కాబట్టి కోటు చేత్తో కళ్లు తుడుచుకుని, తొమ్మిది రోజులుగా లోపల పెట్టుకున్న మాట బయటికి తీసింది.

"నన్ను మన్నించు నాయనా. నీకిచ్చిన మాట తప్పినా. తెలిసి కాదురా. ఆ మైకు..."

"అమ్మా," అన్నాడు జోనా. సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కిందికి చూశాడు. "జనవరిలో నీకు ఎందుకు చెప్పాను అనుకున్నావు?"

"లోపల పెట్టుకోలేక."

"కాదు. నువ్వు నర్స్. నువ్వు అరుస్తావు అనుకున్నాను. నాన్నకి చెప్తావు, ట్రైనర్‌కి ఫోన్ చేస్తావు. ప్రామిస్ అడిగాను, కానీ నువ్వు ఉంచవు అనుకున్నాను. ప్రతిరోజూ ప్రాక్టీస్‌కి వెళ్లి, ఈరోజు ఎవరైనా ఆపుతారు అని చూశాను. విల్కె చూశాడు, ఏమీ అనలేదు. నువ్వు కూడా ఏమీ అనలేదు." వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతులా అయింది. "నాకు నేను ఆగలేను అమ్మా. అది నాకు రాదు."

దయావతి తడిసిన మాస్కు తీసి జేబులో పెట్టుకుంది.

"మరి ఆ కాయితం సూసి నా మొకం కూడా సూడకుండా పోతివే. తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదే."

"సిగ్గు. నువ్వు ప్రార్థనలో ఏడ్చావు అని యూనిస్ ఆంటీ మెసేజ్ పెట్టింది. నా వల్ల. ఆ రోజు నాకు కోపం లేదు. ఇంటికి వెళ్లి పద్నాలుగు గంటలు నిద్రపోయాను. డిసెంబర్ తర్వాత మొదటిసారి."

ముంగిట్లోకి ఎవరో ముసలాయన చేతికర్రతో వచ్చి, ఏడుస్తూ నవ్వుతున్న వీళ్లిద్దర్నీ చూసి, మర్యాదగా తల పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్లాడు.

"ఇంకోసారి మాట ఇయ్యమంటే ఇయ్యనురా," అంది దయావతి.

"అడగనులే."

ఆమె వాడి జబ్బ మీద గట్టిగా ఒక్కటి కొట్టింది. నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో వచ్చే బిళ్లలకు ఎదురెళ్లేవాడు అబ్బా అన్నాడు. ఆరు వారాలపాటు తను కొడుకు మాట కాపాడానని ఎంత గర్వపడిందో, అది తప్పినందుకు ఎంత కుమిలిపోయిందో తలుచుకుంటే ఆమెకు తన మీదే జాలేసింది. తను దేవుడికి చెప్పుకున్నది పద్నాలుగు వందల ఇళ్లలో చదివారు. కొడుకు జనవరిలో తనతో చెప్పుకున్నది మాత్రం ఆమెకు ఇప్పుడే వినబడింది.